పాత వాల్వు రేడియో డబ్బాలో నా మొదటి గిటార్ యాంప్, ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నా_గిటార్, కడప

అందరికీ నమస్కారం. నేను గిటార్ వాయిస్తాను. ఎలక్ట్రానిక్స్‌లో ఇంతవరకు చేసింది 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పెడల్స్ మాత్రమే. ట్యూబ్ (వాల్వు) యాంప్ ఒకటి సొంతంగా కట్టుకోవాలని చాలా రోజులుగా ఉంది. ఇక్కడ గుజిరీ అంగట్లో చెక్క డబ్బా పాత వాల్వు రేడియో దొరికింది. ముందు బట్ట చిరిగిపోయింది, డయల్ అద్దం లేదు, స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సరు, కాయిల్స్ ఎవరో పీకేశారు, అడుగు చెక్కకు ఒక మూల చెదలు పట్టింది. కానీ చాసిస్ (వాల్వులు బిగించే లోపలి రేకు) బాగుంది. పైన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు మీద చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. వాల్వుల మీద చదవగలిగినవి ఇవి: ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80.

నాకు ఇంట్లో వాయించుకోవడానికి 5 వాట్లు చాలు. వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్‌గా, పెంచితే కొంచెం డ్రైవ్ (పగిలే శబ్దం) వచ్చేలా ఉండాలి. డబ్బా అందం పోకుండా అందులోనే కట్టాలని ఆశ. ఏ సర్క్యూట్ తీసుకోవాలి, ఈ రేడియోలోవి ఏవి పనికొస్తాయి?

బురుజు_రేడియో, కర్నూలు

తమ్ముడూ, ముందు ఒక్క మాట. దాన్ని ఇంకా ప్లగ్గులో పెట్టలేదు కదా? పెట్టొద్దు.

నువ్వు రాసిన వాల్వులన్నీ ‘ఈ’ (E) అనే అక్షరంతో మొదలవుతున్నాయి, పైన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉందంటున్నావు, అది నీ అదృష్టం. ‘ఈ’ అంటే 6.3 వోల్టుల హీటరు (వాల్వును లోపల వేడెక్కించే తీగ). ఇదే దుకాణంలో యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85 ఉన్న రేడియో దొరికి ఉంటే నీకు వద్దనే చెప్పేవాడిని. అవి ఏసీ/డీసీ సెట్లు. వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, హీటర్లన్నీ సీరీస్‌లో కలిపి నేరుగా కరెంటు లైనుకు ఇస్తారు, చాసిస్ కూడా లైనుకే తగిలి ఉంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే చాసిస్‌కే ఫేజు వస్తుంది. రేడియోగా ఉన్నప్పుడు చెక్క డబ్బా, ప్లాస్టిక్ నాబులు మనిషిని కాపాడేవి. గిటారుకు అలా కాదు, జాక్ గ్రౌండు నుంచి తీగల దాకా ఒకటే లోహం, దాన్ని నువ్వు రెండు చేతులతో పట్టుకుంటావు. ఇది చదివే కొత్తవాళ్లందరూ గుర్తుపెట్టుకోండి, యూ సీరీస్ రేడియోలో గిటార్ యాంప్ కట్టకూడదు.

ఇక నీ సెట్ విషయం. లోపలి రబ్బరు వైరు పట్టుకుంటే పొడిలా రాలుతుంది, అదంతా తీసెయ్. పాత ఎలక్ట్రోలిటిక్ డబ్బా కండెన్సరు, పాత పేపర్ కండెన్సర్లు ఏవీ ఉంచొద్దు, చూడ్డానికి ఎంత బాగున్నా సరే. ముఖ్యంగా స్పీకరును నడిపే ఈఎల్84 గ్రిడ్డు (సిగ్నల్ లోపలికి వెళ్లే పిన్ను) దగ్గర ఉండే కప్లింగ్ కండెన్సరు, ముందు స్టేజి నుంచి సిగ్నల్‌ను దాటించేది. అది కొంచెం లీకయినా ముందు స్టేజి ప్లేటు (ఎక్కువ వోల్టేజి ఉండే భాగం) వోల్టేజి గ్రిడ్డు మీదికి వచ్చేస్తుంది, వాల్వు ఎర్రగా కాలి దానితో పాటు స్పీకరు మీది చిన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కూడా తీసుకుపోతుంది. రిపేరుకు వచ్చిన సెట్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసింది ఇదే.

వాల్వులు అన్నీ తీసి, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాన్నే సీరీస్ బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా పోయే బోర్డు) మీద 60 వాట్ల బల్బుతో పెట్టి చూడు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, పాత తీగ బల్బే కావాలి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతే ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు.

సౌండ్‌సర్వీస్_పొద్దుటూరు

నాకు మాత్రం రేడియోలను ఇలా విప్పేయడం నచ్చదు. బాగు చేస్తే హాయిగా పలుకుతుంది, ఆ వాల్వు రేడియో గొంతు వేరు. మీ దానికి గ్యాంగు, కాయిల్స్ లేవన్నారు కాబట్టి సరే. నడిచే సెట్టు దొరికినవాళ్లు మాత్రం దయచేసి దాన్ని రేడియోగానే ఉంచండి. ఖాళీ డబ్బాలు, సగం పోయిన చాసిస్‌లు కావలసినన్ని దొరుకుతాయి.

పెన్నా_గిటార్

సార్, మీ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. పనిచేసేదైతే ముట్టుకునేవాడినే కాదు. ఈఎల్84, ఈజెడ్80 తప్ప మిగిలిన మూడు వాల్వులు, ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను, ఎవరి రేడియోకైనా పనికొస్తాయి.

కర్నూలు అన్నా, సీరీస్ బోర్డు మీద పెట్టాను, బల్బు మెరిసి ఆరిపోయింది. సెకండరీలో (బయటికి ఇచ్చే వైండింగులో) 250-0-250 చుట్టూ ఉంది, ఇంకోవైపు 6.3 ఉంది. ఇప్పుడు స్పీకరు మీది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గిటార్ యాంపుకు సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి? దాని మీద అంకెలేమీ లేవు.

ఈసీఈ_మేడం, అనంతపురం

ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ (ఏసీకి కనిపించే అడ్డు, ఓముల్లో) దాని మీద రాసి ఉండేది కాదు బాబూ, అది చుట్ల నిష్పత్తి. స్పీకరు ఓములను ఆ నిష్పత్తి వర్గంతో గుణిస్తే ఈఎల్84కు కనిపించే లోడు వస్తుంది. డేటాషీటు ప్రకారం 250 వోల్టుల దగ్గర ఈఎల్84కు సుమారు 5 కె (5000 ఓములు) కావాలి, అప్పుడు 5 వాట్లకు పైగా ఇస్తుంది.

కొలిచేటప్పుడు రెండు ఇబ్బందులు ఉన్నాయి, రెండూ చెబుతాను. చాలామంది హీటరు 6.3 వోల్టులు తీసుకెళ్లి స్పీకరు వైపు సెకండరీకి ఇచ్చి వాల్వు వైపు ప్రైమరీలో కొలుస్తారు. నిష్పత్తి 36 అనుకోండి, ప్రైమరీలో 227 వోల్టులు పుడతాయి. చిన్న ట్రాన్స్‌ఫార్మరే కదా అని పట్టుకుంటే షాక్ కొడుతుంది. అందుకని తక్కువ ఏసీ వోల్టేజిని ప్రైమరీకి ఇచ్చి సెకండరీలో కొలవాలి. కానీ అంగట్లో దొరికే పసుపు రంగు చవక మీటర్లలో ఏసీకి 200, 750 రేంజీలే ఉంటాయి, అందులో 0.3 వోల్టు చదివితే అది 0.25 కావచ్చు, 0.35 కావచ్చు, వర్గం చేసేసరికి తేడా రెట్టింపు దాకా పోతుంది. 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్న మీటరు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివరల నుంచి 24 వోల్టులు తీసి ప్రైమరీకి ఇవ్వండి.

పెన్నా_గిటార్

మేడం, కాలేజీ ల్యాబులో మంచి మీటరు దొరికింది. 24.6 ఇస్తే 0.68 వచ్చింది. అంటే నిష్పత్తి 36 చిల్లర, వర్గం దాదాపు 1300. నా దగ్గరున్న గిటార్ స్పీకరు 8 ఓములు.

ఈసీఈ_మేడం, అనంతపురం

8 ఓములు పెడితే 10 కె అవుతుంది, అది ఎక్కువ. పవరు తగ్గుతుంది, శబ్దం సన్నబడుతుంది. 4 ఓముల స్పీకరు పెడితే 5.2 కె, అచ్చంగా మీకు కావలసింది. లేదా 8 ఓములవి రెండు పేరలల్‌లో కలపండి. రేడియోలో వచ్చిన పాత స్పీకరును గిటారుకు వాడొద్దు, దాని పేపరు కోను ఆ లావు తీగ కింది స్వరాల దెబ్బకు తట్టుకోదు.

ఇంకొకటి, స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేసి వాయించకండి. లోడు లేకపోతే ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా లేచి ఇన్సులేషన్ కాలిపోతుంది.

హార్న్_మైక్‌సెట్, నంద్యాల

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దొరకనివాళ్లకు ఒక ఆలోచన. మైక్ సెట్ హార్న్‌లకు వాడే 100 వోల్ట్ లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు మా దగ్గర కుప్పలుగా ఉంటాయి. 2 వాట్ల ట్యాపు (వైండింగు నుంచి బయటికి తీసిన వైరు) అంటే లెక్క ప్రకారం 5 కె. దాన్నే పెట్టేయొచ్చు కదా?

బోరుమోటార్_వైండర్, ధర్మవరం

లెక్క సరిపోతుంది అన్నా, పని మాత్రం సరిపోదు. లైన్ ట్రాన్స్‌ఫార్మరులో స్టాంపింగులు (కోరు ఇనుప రేకులు) ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురుగా దూర్చి ఉంటాయి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మాదిరే. ఒక్క ఈఎల్84తో నడిచే సింగిల్ ఎండెడ్ యాంపులో ప్రైమరీ గుండా 40 మిల్లీఆంపుల పైచిలుకు డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. గ్యాప్ లేని కోరు ఆ డీసీకే నిండిపోతుంది, ఇక కింది స్వరాలు రావు. సింగిల్ ఎండెడ్ దానికి ‘E’ ఆకారం ముక్కలన్నీ ఒకవైపు, ‘I’ ఆకారం ముక్కలన్నీ ఇంకోవైపు పెట్టి మధ్యలో పలుచని కాగితం వేయాలి.

ఈ పని మన వైండింగ్ అంగళ్లలో చేయించుకోవచ్చు. అనంతపురం జిల్లాలో బోర్లు ఎన్ని ఉన్నాయో వైండింగ్ షాపులూ అన్ని ఉన్నాయి. కాకపోతే మోటారు వైండింగ్ మాత్రమే చేసేవాళ్లు ఇంత సన్నని గేజి ముట్టుకోరు, స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లను అడగండి. కోరు సైజు, చుట్లు, గేజి, గ్యాపు కాగితం ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటితో చెప్పి వస్తే అలవాటు కొద్దీ ఎదురెదురుగానే దూర్చేస్తారు.

బురుజు_రేడియో, కర్నూలు

సర్క్యూట్ చెబుతాను, రాసుకో. ఫెండర్ కంపెనీ చిన్న గిటార్ యాంప్ చాంప్ పద్ధతే, దానిలోని 6వీ6 వాల్వు బదులు ఈఎల్84. ముందు స్టేజిలకు ఈసీసీ83 (ఒకే గాజులో రెండు సగాలున్న వాల్వు) ఒకటి కొనాలి. బేసులు అవే 9 పిన్నులవి కాబట్టి చాసిస్‌కు కొత్త రంధ్రం అక్కర్లేదు. హీటరు కరెంటు గురించి టెన్షన్ పడకు. నువ్వు తీసేసే మూడు వాల్వులు కలిపి 0.83 ఆంపులు తినేవి, ఈసీసీ83 తినేది 0.3 మాత్రమే.

ఇన్‌పుట్ జాక్ నుంచి గ్రౌండుకు 1 మెగ్ (పది లక్షల ఓములు), అక్కడి నుంచి 68 కె ద్వారా ఈసీసీ83 రెండో పిన్నుకు. 68 కెను వాల్వు బేసు మీదే సోల్డర్ చెయ్. 1వ పిన్ను ప్లేటుకు 100 కె, 3వ పిన్ను క్యాథోడుకు 1.5 కె, దానికి 22 మైక్రోఫారడ్. 0.022 మైక్రోఫారడ్ కండెన్సరు ద్వారా 1 మెగ్ వాల్యూమ్‌కు, అక్కడి నుంచి 7వ పిన్నుకు. రెండో సగంలోనూ 6కు 100 కె, 8కు 1.5 కె, కానీ ఇక్కడ బైపాస్ కండెన్సరు పెట్టకు, గెయిన్ మరీ ఎక్కువైపోతుంది. మళ్లీ 0.022, ఇది 630 వోల్టులది కావాలి, తర్వాత 220 కె గ్రౌండుకు, 4.7 కె ద్వారా ఈఎల్84 రెండో పిన్నుకు. 3వ పిన్ను క్యాథోడుకు 135 ఓములని డేటాషీటు చెబుతుంది, ముందు అదే పెట్టి కొలిచి తర్వాత మార్చుకోవచ్చు. 7 ప్లేటు, 9 స్క్రీను, 4, 5 హీటరు. ఈసీసీ83 హీటరు మాత్రం 4, 5 కలిపి ఒక వైరు, 9కి ఇంకో వైరు.

ఏసీని డీసీగా మార్చే ఈజెడ్80 తర్వాత మొదటి ఫిల్టరు కండెన్సరు 47 మైక్రోఫారడ్, 450 వోల్టులు. ఆ వాల్వుకు 50 దాకే అనుమతి ఉంది, హమ్ము (కరెంటు వల్ల వచ్చే బూం శబ్దం) తగ్గాలని 100 పెడితే అది త్వరగా పోతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకు అక్కడి నుంచే. 2.2 కె తర్వాత 22 మైక్రోఫారడ్, స్క్రీనుకు. 22 కె తర్వాత 10 మైక్రోఫారడ్, ఈసీసీ83కు. కండెన్సర్లు 105 డిగ్రీలవి తీసుకో. మన ఎండలకు, చెక్క డబ్బా లోపలి వేడికి 85 డిగ్రీలవి ఎక్కువ కాలం ఉండవు. మొదటి ఫిల్టరు మీద 220 కె, 2 వాట్ల రెసిస్టెన్సు అడ్డంగా వెయ్, ఆపాక ఛార్జి దిగడానికి. అది ఉన్నా సరే, ఒకటిన్నర నిమిషం ఆగి, మీటరు పెట్టి, సున్నా దగ్గరికి వచ్చిందని చూశాకే చెయ్యి లోపల పెట్టు.

ఆ ఈఎల్84 పారేయకు. గాజు మీద బీఈఎల్ అని ఉందేమో చూడు, 1954లో మొదలైన మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌ది. అవి గట్టివి.

ఈసీఈ_మేడం, అనంతపురం

అన్నీ చెప్పారు గానీ ఎర్త్ ఎవరూ అనలేదు. పాత రేడియోకు రెండు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. మీరు మూడు పిన్నుల వైరు వేసి, పచ్చ వైరును చాసిస్‌కు విడిగా బోల్టు పెట్టి బిగించాలి. స్విచ్చు, 500 మిల్లీఆంపుల ఫ్యూజు రెండూ ఫేజు వైరులోనే ఉండాలి.

అంతకన్నా ముఖ్యం, మీ ఇంటి గోడలోని ఆ మూడో రంధ్రానికి వెనక నిజంగా ఎర్త్ ఉందా? మన వైపు పాత ఇళ్లలో పిన్ను ఉంటుంది, వైరు ఉండదు. వైరు ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. ఫేజుకు ఎర్తుకు మధ్య 230 చూపితే సరిపోదు, మీటరుకు అంత సున్నితం ఉంటుంది కాబట్టి చెడిపోయిన ఎర్త్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎలక్ట్రీషియనును పిలిచి ఫేజుకు ఎర్తుకు మధ్య 100 వాట్ల బల్బు పెట్టించండి, నిండుగా వెలగాలి. లైనులో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే పడిపోయే స్విచ్చు) ఉంటే ఆ పరీక్షకే పడిపోతుంది, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి. ఎండాకాలం గుంతలో నీళ్లు పోయిస్తూ ఉండండి. ఈ ఒక్క పని అయ్యేదాకా గిటారు తగిలించకండి, ఇది నా విన్నపం.

పెన్నా_గిటార్

మేడం, మీరు చెప్పింది నిజమే, మా హాల్లో ఎర్త్ వైరు లేదు. మా నాన్నకు చూపిస్తే ఆయనే ఎలక్ట్రీషియనును పిలిపించారు. ఉప్పు, బొగ్గు వేసి కొత్త గుంత తీశారు, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం.

యాంప్ కట్టడం అయింది. పలికింది! స్పీకర్లు రెండూ వేరే పెట్టెలో పెట్టాను. కానీ రెండు సమస్యలున్నాయి. హమ్ము బాగా వినిపిస్తోంది. రెండోది, చీకట్లో చూస్తే ఈఎల్84 ప్లేటు మీద సన్నగా ఎర్ర గీత కనిపిస్తోంది, వెంటనే ఆపేశాను. కొలతలు ఇవి: ప్లేటు 312, క్యాథోడు 8.9, గ్రిడ్డు 0, హీటరు 7.1 వోల్టులు.

బురుజు_రేడియో, కర్నూలు

గ్రిడ్డు సున్నా ఉంది కాబట్టి కప్లింగ్ కండెన్సరు తప్పు కాదు. హీటరు చూడు, 6.3 ఉండాల్సింది 7.1 ఉంది. మీ వీధిలో కరెంటు ఎంత వస్తోంది? ట్రాన్స్‌ఫార్మర్ ఏ ట్యాపు మీద ఉంది?

పెన్నా_గిటార్

రాత్రి 247 ఉంది అన్నా. ట్యాపు 220 మీద ఉంది, రేడియోలో వచ్చిందే.

బురుజు_రేడియో, కర్నూలు

అదే సంగతి. 240 ట్యాపుకు మార్చు. తర్వాత లెక్క వెయ్. ఇప్పుడు 8.9ని 135తో భాగిస్తే 66 మిల్లీఆంపులు, అందులో స్క్రీను 7 తీసేస్తే ప్లేటుకు 59. దాన్ని 303 వోల్టులతో (ప్లేటు 312లోంచి క్యాథోడు 8.9 తీసేస్తే వచ్చేది) గుణిస్తే దాదాపు 18 వాట్లు. ఈఎల్84 మోయగలిగేది 12. ఎర్రబడక ఏం చేస్తుంది? ట్యాపు మార్చినా 135తో 15 వాట్ల దగ్గర ఉంటుంది, 220 ఓములు, 5 వాట్ల రెసిస్టెన్సు పెట్టు. ఈఎల్84 క్యాథోడుకు కండెన్సరు పెట్టి ఉంటే అది 50 వోల్టులది ఉండాలి.

సౌండ్‌సర్వీస్_పొద్దుటూరు

హమ్ముకు నేను చెబుతా. ఈసీసీ83 పీకి చూడండి. హమ్ము పోతే అది ముందు స్టేజిలో, ఉంటే అవుట్‌పుట్‌లోనో ట్రాన్స్‌ఫార్మర్లలోనో ఉన్నట్టు. పాత రేడియోలలో హీటరు వైండింగు ఒక చివర చాసిస్‌కే సోల్డర్ చేసి ఉంటుంది, గిటారుకు అది పనికిరాదు. ఆ కలుపు తీసేసి, రెండు వైరులూ మెలిపెట్టి చాసిస్ మూలకు ఆనించి తీసుకెళ్లండి, రెండింటి నుంచి చెరొక 100 ఓములు గ్రౌండుకు ఇవ్వండి. జాక్ నుంచి వాల్వు దాకా షీల్డు వైరు వేయండి, షీల్డు ఒక చివరే గ్రౌండు చేయండి.

తర్వాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. అది స్పీకరు మీది నుంచి చాసిస్ మీదికి వచ్చింది కదా, మెయిన్స్ దాని పక్కనే బిగించి ఉంటారు. వాల్వులన్నీ తీసి, ప్రైమరీ వైర్లు విప్పి చివరలకు టేపు చుట్టి, సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి మెయిన్స్ ఆన్ చేయండి. చిన్న ట్రాన్స్‌ఫార్మరును మెల్లగా తిప్పుతూ వింటే ఒక కోణంలో హమ్ము దాదాపు పోతుంది. అక్కడే రంధ్రం వేయండి. మైక్ సెట్లలో మేం ఎప్పుడూ చేసే పనే ఇది.

పెన్నా_గిటార్

సార్, ఈసీసీ83 పీకితే చాలావరకు పోయింది, కొంచెం మిగిలింది. హీటరు చివర మీరు చెప్పినట్టే చాసిస్‌కు ఉంది. అది విప్పి 100 ఓములవి రెండు వేశాక పెద్ద మార్పు. ట్రాన్స్‌ఫార్మరును పావు వంతు తిప్పాక మిగిలింది కూడా పోయింది. ఇప్పుడు వాల్యూమ్ సగం పెట్టి స్పీకరుకు చెవి ఆనిస్తేనే హమ్ము తెలుస్తోంది.

అన్నా, కొత్త కొలతలు: మెయిన్స్ 246, హీటరు 6.5, ప్లేటు 292, క్యాథోడు 10.0. అంటే 45 మిల్లీఆంపులు, స్క్రీను తీసేస్తే 40, దాన్ని 282తో గుణిస్తే 11.3 వాట్లు. గంట సేపు వాయించాను, గీత లేదు. వాల్యూమ్ సగం దాటాక ఆ డ్రైవ్ మొదలవుతుంది, గట్టిగా మీటితే పగులుతుంది, మెల్లగా మీటితే మళ్లీ క్లీన్ అయిపోతుంది. పెడల్‌తో ఇన్నాళ్లూ ఇది రాలేదు.

బోరుమోటార్_వైండర్, ధర్మవరం

శభాష్. వెనక అట్ట మూయకు. ఈఎల్84, ఈజెడ్80 పక్కపక్కనే ఉంటాయి, పై చెక్క కింద అల్యూమినియం రేకు ఒకటి కొట్టు, చెక్కకు రేకుకు మధ్య వేలెడు సందు ఉంచు. వెనక చిల్లుల రేకు బిగించు, పిల్లల చేతులు లోపలికి పోకుండా ఉంటుంది, గాలీ ఆడుతుంది. చెదలు పట్టిన మూల కోసేసి కొత్త ముక్క అతికించి మందు పట్టించు, లేకపోతే మిగతా చెక్కా తినేస్తాయి.

అనంత_జూనియర్

అన్నలూ, నాకూ ఒక రేడియో దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, వాల్వుల మీద యూసీఎల్82, యూవై85 అని ఉంది. కర్నూలు అన్న రాసింది చదివి ప్లగ్గు పెట్టలేదు. దీన్ని ఏం చేయొచ్చు?

బురుజు_రేడియో, కర్నూలు

మంచి పని చేశావు. చాసిస్ పూర్తిగా ఉంటే రేడియోగా బాగు చేయించు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టి తెలిసినవాళ్లతో. అది కుదరకపోతే డబ్బా ఒక్కటే ఉంచుకో, అందులోకి కొత్త అల్యూమినియం చాసిస్, ధర్మవరం తమ్ముడి దగ్గర చుట్టించిన 250-0-250, 6.3 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పైన రాసిన సర్క్యూటే కట్టు. డబ్బా లోపలి కొలతలు పంపు, చాసిస్ ఎంత పట్టాలో చెబుతాను.